పూలాద్ (పేరు)

పూలాద్ అరుదైన పారశీక పురుషనామం. అర్థం ఉక్కు. మధ్య పారశీకంలోని 'పోలావద్' దీని పాత రూపం. అరబ్బీకి 'ప' పలకదు గనుక అక్కడ మాట 'ఫ'తో మొదలైంది. ఆ రూపంలోనే పారశీకంలోకి తిరిగొచ్చి, ఉర్దూలో 'ఫౌలాద్'గా స్థిరపడింది. దారాసింగ్ సినిమా 'ఫౌలాద్' (1963) పేరు అదే. ఇరాన్‌లో ఇప్పుడు లోహాన్ని ఫూలాద్ అంటారు, మనిషి పేరులో మాత్రం పాత 'ప' నిలిచింది. తుర్కీ పొలాత్, రష్యన్ బులాత్ దీని రూపాలే.

పారశీక వీరగాథ షాహ్‌నామాలో పూలాద్‌వంద్ అనేవాడు కథానాయకుడు రుస్తుంతో కుస్తీ పట్టి ఓడిపోతాడు. వోల్గా తీరపు మంగోలు రాజ్యాన్ని 1407 నుంచి 1410 దాకా ఏలిన ఖాన్ పేరూ పూలాదే.

పేరు పారశీకానిదైనా సరుకు చాలావరకు మనది. నేటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మర్లు రెండు రకాల ఇనుము కలిపి మట్టి మూసలో పెట్టి, మూతి బిగించి, తిత్తులు ఊదుతూ కొలిమిలో కాచేవారు. చల్లారాక పగలగొడితే ఉక్కు ముద్ద. దాన్ని కొనడానికి ఇస్ఫహాన్ వర్తకుడు ఊళ్లోనే మకాం వేసి దగ్గరుండి చూసుకునేవాడని ఆంగ్లేయ భూగర్భ శాస్త్రజ్ఞుడు వాయ్సీ రాశాడు. ఆ రచన 1832లో అచ్చయింది. ఇంగ్లీషువాళ్లు 'వూట్జ్' అన్నది మన 'ఉక్కు'నేనని ఎక్కువమంది పండితుల మాట.

అదే ఇస్ఫహాన్ దగ్గర సోవియట్ సాయంతో ఉక్కు కర్మాగారం వెలిసింది. కార్మికుల కోసం కట్టిన ఊరు ఫూలాద్‌షహర్. తెలుగు చేస్తే ఉక్కునగరం! విశాఖ కర్మాగారపు కాలనీ పేరు సరిగ్గా అదే. ఇక్కడా సోవియట్ సాయమే. కాకపోతే మన ఉక్కునగరం ఉత్తినే రాలేదు: 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు, 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో కర్మాగారం జాతికి అంకితమైంది.

'ఉక్కు మనిషి' అని పటేల్‌ను మెచ్చుకున్నాం గానీ పిల్లలకు ఉక్కు అని పేరు పెట్టుకోలేదు. పూలాద్ కూడా తెలుగునాట వినబడదు. స్టాలిన్లు మాత్రం ఉన్నారు. రష్యన్‌లో 'స్తాల్' అంటే ఉక్కే.