మన కులమున నుదయించిన యుపాధ్యాయుడు: శ్రీ పరవస్తు చిన్నయసూరిగారు

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు చారిత్రకమైన వ్యాస మొకటి వ్రాసి పంపవలసినదని కార్యదర్శులు మమ్ము గోరిరి. రాజులను గూర్చియు దండయాత్రలను గూర్చియు వ్రాయుట కితరులు గలరు. మేము ముప్పదియైదు వత్సరములు సుద్దముక్క చేత బట్టి యున్నత పాఠశాలలో తెలుగు పండితులుగా కాలము గడపినవారము. కావున నొక యుపాధ్యాయుని జీవితమునే స్మరింప దలచితిమి. వారు మన చాత్తాద శ్రీవైష్ణవ కుటుంబమున నుదయించిన పరవస్తు చిన్నయసూరిగారు.

వారి నామము మన సభలలో ఏటేట వినబడుచునే యున్నది. అయినను క్రిందటి సంవత్సరము మా మనుమడు "తాతయ్యా, ఆయన ఏం చేశారు?" అని యడుగగా, "వ్యాకరణము వ్రాసిరి" అని చెప్పి యూరకుంటిమి. బాలుడును మరి యడుగలేదు. ఆ యుత్తరము చాలదని మాకు నాటినుండియు తోచుచున్నది. (ఈ వ్యాసమున నర్ధబిందువులను, శకటరేఫములను విడిచితిమి. అచ్చుకూటమువారు వానిని కూర్పజాలమనిరి. సూరిగారు క్షమింతురు గాక!)

సూరిగారు పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకమున చెంగల్పట్టు మండలమందలి శ్రీపెరుంబూదూరున జన్మించిరి. ఆ గ్రామము శ్రీమద్రామానుజుల యవతారస్థలము. తండ్రిగారు వేంకటరంగ రామానుజాచార్యులు ఉభయవేదాంతి; తల్లి శ్రీనివాసాంబ. మన పెద్దలకు ఆలయసేవయే జీవనము. నందనవనమున పూలు కోయుట, తిరుమాలలు కట్టుట, ఉత్సవములలో దివిటీలు పట్టుట, దివ్యప్రబంధమును అనుసంధించుట, ఇవి వారి కైంకర్యములు. "చాత్తాద" యనగా ధరింపనివారని తమిళమున నర్థము, ధరింపనిది యజ్ఞసూత్రము. శాస్త్రాధికారమును ఆ సూత్రమును బట్టి లెక్కించెడివారు ఆ కాలమున కొల్లలుగా నుండిరి. అట్టి కాలమున, తమిళ దేశమున బుట్టిన మన బాలుడు తెలుగునకు సూత్రకారుడగుట సామాన్యమైన విషయము కాదు.

చెన్నపురిలో సూరిగారు మొదట మిషనువారి పాఠశాలయందును, పిమ్మట పచ్చయప్ప పాఠశాలయందును బోధించిరి. ఊర్ధ్వపుండ్రములు దిద్దుకొని, ఉదయమున తిరువారాధనము ముగించుకొని, పాదిరుల బడిలో తెలుగు చెప్పు నా పండితుని ఊహించుకొనుడు! తుదకు వారు దొరతనమువారి యున్నత పాఠశాలకు వచ్చిరి. 1841లో ప్రారంభమైన యా పాఠశాలయే 1855లో ప్రెసిడెన్సీ కాలేజి యయ్యెను. విద్యాశాఖకు తొలి డైరెక్టరైన ఆర్బత్నాట్ దొర వీరి పాండిత్యమునకు మెచ్చి బంగారు కంకణ మొసగెనని జీవితచరిత్రకారులు వ్రాసిరి. కంకణమును గూర్చి మనవారు పలుమార్లు విన్నారు. మాకు ముఖ్యముగా తోచునది వేరొకటి.

ఆనాటి బడుల స్థితి యెట్టిది? గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో పాఠశాలల లెక్కలు తెప్పించెను. 1826లో ఆయన వ్రాసినదానిని బట్టి చెన్నపురి రాజధాని యంతటను 12,498 పాఠశాలలును, 1,88,650 మంది విద్యార్థులును ఉండిరి. ఉపాధ్యాయునకు నెలకు ఆరేడు రూపాయలకు మించి లభించుట లేదనియు నందే కలదు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక మరియు నాలోచింపదగినది. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటయు, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పుటయు ఆయన మెచ్చుకొనెను. కాని చదువు పుస్తకము లన్నియు పద్యములే. ఆ పద్యముల భాష యింటి భాష గాదు. పిల్లలు వందలకొలది పద్యములను చిలుకలవలె నప్పగింతురే కాని యర్థ మెరుగరని వాపోయెను.

ఈ కొరత దెలిసిననే కాని సూరిగారి కృషి తెలియదు. బడిలో పిల్లవానిచే చదివించుటకు మంచి తెలుగు వచనము కావలసియుండెను. పంచతంత్ర హితోపదేశముల కథలను గ్రహించి సూరిగారు 1853లో ప్రకటించిన నీతిచంద్రిక యా కొరత దీర్చెను. మిత్రలాభము, మిత్రభేదము అను రెండు భాగములే వారు వ్రాసిరి. విగ్రహమును సంధిని తరువాత వీరేశలింగము పంతులుగారు పూరించిరి.

వ్యాకరణము సంగతియు నట్టిదే. అంతకు ముందున్న ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతమున నున్నది. అప్పకవీయము పద్యములలో నున్నది. సూరిగారు మొదట పద్యములలో నొక వ్యాకరణము వ్రాసి చూచిరి. శబ్దలక్షణసంగ్రహ మొకటి వ్రాసిరి. తుదకు తెలుగు సూత్రములతో పది పరిచ్ఛేదముల బాలవ్యాకరణమును రచించిరి. పిల్లవానికి బోధపడకున్న నదే పాఠమును మరియొక తీరున చెప్పి చూచుట యుపాధ్యాయుని లక్షణము గదా! గ్రంథమునకు వారు పెట్టిన పేరు బాలవ్యాకరణము. మేము భాషాప్రవీణకు చదువునాడు తలపండినవారు గూడ దాని ముందు తలలు పట్టుకొనిరనుట వేరు మాట. సూరిగారు 1860 దాటిన కొలదికాలముననే పరమపదించిరి.

వారిపై వచ్చిన నిందను దాచుట మాకిష్టము లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు, 1914లో తమ యసమ్మతిపత్రమును సమర్పించిన గురజాడ అప్పారావుగారు, గ్రాంథికము బాలుర మెడకు గుదిబండ యైనదనిరి. గ్రాంథికము వ్రాయుచున్నామను పండితుల పుస్తకములనుండియే బాలవ్యాకరణ విరుద్ధములను గిడుగువారు ఏరి చూపిరి. ఈ వ్యాసమును వారు చూచిన మాకును అదే గతి పట్టును! నీతిచంద్రిక వచనము బరువైనదే. ఆ బరువును అనుకరించినవారు మరింత పెంచిరి. అయినను బాలవ్యాకరణమును ఉద్యోగవిరమణానంతరము మరల తీరికగా చదువగా మాకొకటి స్పష్టమైనది. సూరిగారు పూర్వకవుల ప్రయోగములను చూచి, పలుచోట్ల బహుళమని, వైకల్పికమని విడిచిరి. వారు బహుళమన్నచోట మావంటివారము నిత్యమంటిమి.

ఇది యూరక యనుట గాదు. 1988లో మా తరగతిలో మన కులమునకే చెందిన బాలు డొకడుండెను. తండ్రి కోవెలలో పూలు కట్టుచుండెను. రథోత్సవమును గూర్చి వ్యాసము వ్రాయుమనగా, తెల్లవారుజామున తండ్రితో పూలబుట్ట మోసికొని పోవుటను ఆ బాలుడు తన యింటి మాటలతో వ్రాసెను. అప్పటికి పాఠ్యపుస్తకములలోనే వాడుకభాష వచ్చియుండెను. మేమే గ్రాంథికమును విడువలేదు. పుట నిండ ఎర్రసిరా నింపి, సున్న వేసి, ఆ వ్రాతను తరగతిలో బిగ్గరగా చదివితిమి. పిల్లలు నవ్విరి. ఆ బాలుడు పదవ తరగతి పరీక్షకు రాలేదు.

ఇప్పుడతడు కోవెల వీధిలో పూలయంగడి నడుపుచున్నాడు. మన సంఘమువారు క్రిందటి సభలో బాలికలకు నీతిచంద్రిక ప్రతులను బహుమానముగా నిచ్చిరి గదా! అందొకటి యతని కడగొట్టు కూతునకు వచ్చెను. ధనుర్మాసమున నొకనాడు, "అయ్యవారూ, అమ్మాయికి ఇది అర్థం కాలేదంట, కాస్త చెప్పండి" అని యామెను మా యింటికి తీసికొని వచ్చెను. చిత్రగ్రీవుని కథను చదివి యర్థము చెప్పి, తిరిగి చెప్పుమంటిమి. "పావురాలన్నీ ఒక్కసారే ఎగిరితే వల కూడా లేచిపోయింది తాతా! ఎలుకొచ్చి రాజు కట్లు కొరకబోతే, ముందు మావాళ్లవి కొరుకు, నావి తర్వాత అన్నాడు" అని యామె గుక్క త్రిప్పుకొనక చెప్పెను. మేమొక్క మాటయు దిద్దలేదు.

గుమ్మము కడ నిలిచి వినుచున్న తండ్రి, "దీనికి సున్న వెయ్యరు కదా అయ్యవారూ" అని నవ్వెను. మేము నవ్వలేకపోతిమి.