చదివినది నలుగురితో చెప్పుకొనుట

పుస్తకమును ఒంటరిగా కూర్చుండి మౌనముగా చదువుట మన పూర్వులకు అంతగా అలవాటు లేని పని. రామాలయపు మంటపమున ఒకరు భారతము చదువుచుండ, వేరొకరు అర్థము చెప్పుచుండ, ఊరివారందరు వినెడివారు. విని ఊరకుండెడివారు కారు. ధర్మరాజు జూదమునకు కూర్చుండుట తగునా యని ఒక వాదము. కర్ణుని స్నేహధర్మము గొప్పదా, అతని పక్షపాతము దోషమా యని మరియొక వాదము. చదువు వచ్చినవాడు ఒక్కడు, అభిప్రాయము గలవారు నలువదిమంది! అచ్చుపుస్తకములు వచ్చిన తరువాత ఈ అలవాటు ఏమైనదని విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మా యానాం చిన్న ఊరు. గౌతమీతీరమున 30 చదరపు కిలోమీటర్ల నేల. 18వ శతాబ్ది పూర్వార్ధమున వచ్చిన ఫ్రెంచివారు 1954లో విడిచి వెళ్లిరి. చట్టరీత్యా అప్పగింత 1962లో ముగిసినది. రాజధానియైన పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. కాకినాడ 30 కిలోమీటర్లలో నున్నది. దొరతనపు కాగితము ఫ్రెంచిలో నడిచిన కాలమునను ఇంటిమాట తెలుగే గనుక, తెలుగు పుస్తకము కావలసినవాడు కాకినాడవైపో, రాజమహేంద్రవరమువైపో చూడవలసి వచ్చెడిది. సరిహద్దు దాటి ఇటు వచ్చినవి పుస్తకములే కావు. ఆంగ్లేయుల ఏలుబడిలో 1930లో శారదా చట్టము అమలు కాగా, ఆ చట్టము చెల్లని మా ఊరికి బాల్యవివాహములు చేసికొనుటకై పెండ్లివారు తరలివచ్చిరి. కల్యాణపురమను పేరు మాకు అట్లు వచ్చినదే. అది గర్వింపదగిన సంగతియో కాదో పాఠకులే నిర్ణయింతురు గాక.

తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1870లో కడియమున జన్మించి, బాల్యమున యానాంలో పెరిగినవారు. వారి 'కథలు-గాథలు' చదివినవారికి, అచ్చుకాగితము చూచుచున్నట్లుగాక, అరుగుమీద కూర్చుండి ఒక పెద్దాయన మాటలు వినుచున్నట్లు తోచును. కవుల సంగతులు, పుస్తకముల సంగతులు, వాటిపై వచ్చిన తగవులు, అన్నియు ఆ మాటలలోనే దొరలుచుండును. పండితుల వచనము ఇంత చనువుగా నుండవచ్చునని వారివలననే నాకు తెలిసినది.

కాకినాడ వైపు చూతము. కందుకూరి వీరేశలింగము పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' మొదట వారి 'వివేకవర్ధని' పత్రికలో వెలువడి, 1880లో పుస్తకరూపము తాల్చినది. దానిని ఎందరో చదివిరి, మెచ్చిరి. కాకినాడ వాస్తవ్యులైన కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు మాత్రము చదివి మెచ్చుటతో ఆగక, ఆ శతాబ్ది ముగియకముందే 'వివేకచంద్రికా విమర్శనము' అను పేరున దాని గుణదోషములను విచారించిరి. తెలుగు నవలపై తొలి విమర్శగా దానిని సాహిత్య చరిత్రకారులు పేర్కొందురు. పంతులుగారి సంస్కరణపక్షమునకు శాస్త్రిగారు ఎదుటిపక్షమువారు. అయినను తిట్టుటకు ముందు ఆసాంతము చదివినవారు! ఈ క్రమమును తలక్రిందు చేయువారు ఏ కాలమునను తక్కువ కారు గనుక ఇది చెప్పవలసి వచ్చినది.

ఇక గ్రంథాలయములు. రాజమహేంద్రవరమున వడ్డాది సుబ్బారాయుడుగారి పేర వసురాయ గ్రంథాలయము, కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి పేర రత్నకవి గ్రంథాలయము ఉండెడివి. ఈ రెండును కలిసి 1920లో గౌతమీ గ్రంథాలయమైనవి. అంతకు ముందే, 1914 ఏప్రిల్ 10వ తేదీన, అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రథమ మహాసభ జరిగినది. అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు.

ఇచ్చట ఒక్క క్షణము నిలువవలెను. చిలకమర్తివారు బాల్యమునుండియు రేచీకటితో బాధపడినవారు. వయస్సు మీరినకొలది చూపు పూర్తిగా పోయినది. వారు చెప్పుచుండ ఇతరులు వ్రాయుటవలననే వారి 'స్వీయచరిత్రము' మనకు దక్కినది. పుస్తకమును ఇతరుల నోట వినవలసిన స్థితికి వచ్చిన మహనీయుడు తెలుగునాట గ్రంథాలయములవారి తొలి మహాసభకు అధ్యక్షుడగుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని ఆ ఉద్యమము నడచిన తీరు చూచినచో అది ఎంత తగియున్నదో తెలియును. ఏలయన ఆ కాలమున పల్లెలలో అక్షరములు రానివారే పెక్కుమంది. కార్యకర్తలు సాయంకాలము పత్రికను బిగ్గరగా చదివి వినిపించిరి, రాత్రిపాఠశాలలు పెట్టిరి, ఇంటింటికి పుస్తకములు మోసికొనిపోయిరి. గుంటూరు మండలమున పాతూరి నాగభూషణముగారు 1935లో పుస్తకములను పడవ కెక్కించి, పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువవెంబడి ఊరూరికి పంపిరి. పుస్తకములను తిరిగి ఈయవచ్చినవాడు రేవున నిలిచి తన అభిప్రాయము చెప్పకుండునా? మరియొకడు అది విని అదే పుస్తకము అడుగకుండునా? గోదావరి కాలువలపై పడవప్రయాణము లెరిగిన మా వంటివారికి ఈ దృశ్యము ఊహించుట కష్టము కాదు.

నైజాములో కథ వేరు. అచ్చట దొరతనపు భాష ఉర్దూ. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. తరువాతి కాలమున 'గస్తీ నిషాన్ 53' అను ఉత్తరువుచే అనుమతి లేనిదే సభ జరుపరాదని కట్టడి వచ్చినది. సభ కూడదన్న చోట నలుగురు కూడి పుస్తకము చదివి మాటలాడుకొనుటయే పెద్దపని యైనది. అట్టి కాలమున, నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరన్నట్లుగా ఒకరు పత్రికలో వ్రాసిరి. 'గోలకొండ పత్రిక' సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి కోపించి ఊరకుండలేదు. ఊరూరినుండి పద్యములు తెప్పించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించిరి. ఒక అభిప్రాయమునకు ఒక గ్రంథము ప్రత్యుత్తరము! తన రాష్ట్రపు దొరతనము తన భాషలో లేనివారికి ఈ ఉదంతము మిగిలినవారికంటె బాగుగా అర్థమగును. ఈ సంచిక చదువు కుటుంబములకు నేను విడమరచి చెప్పనక్కరలేదు.

1960లో ఆంధ్రప్రదేశ్‌లో పౌరగ్రంథాలయముల చట్టము వచ్చినది. భవనములు, జీతములు, బల్లలు, బీరువాలు ఏర్పడినవి. ఇది మేలే. కాని జీవితమంతయు ఇన్‌వర్డు, ఔట్‌వర్డు రిజిస్టర్లు వ్రాసిన గుమాస్తాను గనుక ఒక్కమాట చెప్పుదును. ఏ పుస్తకము ఎవరు, ఏ తేదీన తీసికొనిరి, ఏ తేదీన ఇచ్చిరి అను గడులు రిజిస్టరులో ఉండును. చదివి ఏమనుకొనిరి అను గడి ఉండదు. పడవ రేవున చెప్పుకొన్న మాటకు బీరువా తాళముకడ చోటు తగ్గినది. 'భారతి' మాసపత్రిక 1924నుండి ఈ లోటును కొంత తీర్చినది. 1991లో అదియు ఆగినది.

పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన బంధువుల యిండ్లకు పోయినప్పుడు నేను చూచినది ఇంకొకటి కలదు. పిల్లలు తెలుగు చక్కగా మాటలాడుదురు. అక్షరములు మాత్రము రావు. పెద్దలు దీనికి విచారించి, తెలుగు పుస్తకములను అట్టలు వేసి పైఅరలో భద్రపరతురు. 1914లో పల్లెకు పుస్తకము మోసినవాడు అక్షరములు రానివాడు పాఠకుడు కాడనుకొనలేదు. వానికి చదివి వినిపించి, వాని మాట విని, పిమ్మట అక్షరములు నేర్పెను.

మా యానాంలో మేము నలుగురైదుగురము, అందరము పింఛనుదారులమే, ఆదివారము సాయంకాలము ఒక యింట కూడుదుము. ఈ మధ్య బొల్లోజు బాబాగారి 'ఫ్రెంచిపాలనలో యానాం' చదువుకొంటిమి. ఒకరు చదువ తక్కినవారు వినుట మా పద్ధతి. పుస్తకము కొంత సాగునంతలో ఒక మిత్రుడు తన మామ్మ పెండ్లి సంగతి ఎత్తెను. కల్యాణపురపు రోజులలో ఎనిమిదేండ్ల పిల్లగా ఆమె ఇచ్చటికి వచ్చెనట. అత్తవారింటికి పోవుచు రేవున పడవ ఎక్కనని ఏడ్చెనట. చట్టము దాటించి పిల్లను ముంచిరని ఒకరు, ఆ కాలమునకు అది తప్పు కాదని వేరొకరు పట్టుబట్టిరి. ఆ తగవుతోనే రెండు ఆదివారములు గడచినవి. పుస్తకము ఇంకను సగముకడనే యున్నది. మిత్రుని మనుమరాలు చెన్నపట్టణమున చదువుకొనుచున్న పిల్ల, అక్షరములు రావు. సెలవులకు వచ్చి గడపలో కూర్చుండి ఇదంతయు వినినది. ఆమెకు నవ్వు వచ్చునది ఏదైన చదువుమని అడిగినది గనుక, వచ్చు వారమునకు చిలకమర్తివారి 'గణపతి' తీసి ఉంచితిమి.