చెప్పు కరచిన చోటు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను పుంగనూరు జమీందారుల గురించో, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలో బసచేసి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన సంగతి గురించో వ్రాస్తాననుకొని ఉంటారు. అవి ఇదివరకే పెద్దలు వ్రాసియున్నారు. డ్రిల్లు మాస్టారుగా ముప్పై ఏళ్ళు పిల్లల కాళ్ళు చూచినవాణ్ణి గనుక నేను కాలి బొబ్బల చరిత్ర వ్రాస్తున్నాను. మిత్రులు నవ్వకుండా చివరిదాకా చదవ మనవి.

మన సదుం వైపు కొత్త చెప్పు తొడిగి మడమ మండితే "చెప్పు కరిచింది" అంటాము. ఎండలో నడిచి చెమటకు తొడలు, చంకలు మండితే "ఒరుసుకున్నాయి" అంటాము. పార పట్టిన అరచేయి "బొబ్బలెక్కింది" అంటాము. అదే చేయి నాలుగు నెలలు పనిచేస్తే "కాయలు కాచింది" అంటాము. మాటలు వేరువేరుగా ఉండటం ఊరికే కాదు. సుల్జ్‌బర్గర్ అనే అమెరికా చర్మవైద్యుడు, ఆయన తోటివారు 1966లో మనుషుల చర్మాన్ని పనిగట్టుకొని రాపిడి పెట్టి చూచారు. అరచేయి, అరికాలు వంటి మందపు చర్మం మీదనే నీటి బొబ్బ లేస్తుంది, పలుచని చర్మమైతే పై పొర గీరుకుపోతుంది అని తేల్చారు. మన సేద్యగాళ్ళకు ఇది ముందే తెలుసు, కాకపోతే అచ్చువేయలేదు.

బొబ్బ పుట్టే తీరు కూడా చెప్పుకోవాలి. అడుగు వేసినప్పుడు లోపల ఎముక ముందుకు జరుగుతుంది. పై చర్మం చెప్పుకు పట్టుకొని కదలదు. మళ్ళీ మళ్ళీ ఇలా జరిగితే మధ్య పొర చీలి, ఆ సందులోకి నీరు ఊరుతుంది. కొద్దిగా చెమ్మగిల్లిన చర్మానికే ఈ పట్టు ఎక్కువ అని 1955లో ఇంగ్లండులో నేలర్ అనే ఆయన కొలిచి చూపాడు. బాగా పొడిగా ఉన్నా, బాగా తడిసి ఉన్నా అంత పట్టు ఉండదు. చెమట కాళ్ళవారికి బొబ్బలు ఎక్కువ రావడం అందుకే.

మా పెద్దల కాలంలో చెప్పులంటే ఊళ్ళో మాదిగలు కుట్టి ఇచ్చిన తోలు చెప్పులే. కొత్తవాటికి ఆముదం పట్టించి నానబెట్టి, తోలు మెత్తబడిన తరువాతే తొడిగేవారు. చెప్పు కరవకుండా ఇంతకన్న మంచి ఉపాయం నాకు ఇప్పటికీ తెలియదు. అయితే ఊరందరికీ చెప్పులు కుట్టిన చేతులవారు తాము పెద్దవీధిలోకి వస్తే చెప్పులు విడిచి చేతపట్టుకోవలసి వచ్చేది. కాళ్ళ చరిత్ర వ్రాసేటప్పుడు ఈ మాట దాటవేయడం న్యాయం కాదు.

చెప్పులు ఉన్నా లేకపోయినా నడక తప్పేది కాదు. సంతకు నడకే, కచేరీకి నడకే. అన్నిటికంటె పెద్ద నడక తిరుమలది. 1944లో మొదటి కనుమ రోడ్డు పడేవరకు కొండెక్కడానికి మెట్లో, డోలీయో తప్ప మార్గం లేదు. మన వైపువారు పీలేరు, భాకరాపేట కనుమ మీదుగా శ్రీనివాస మంగాపురం చేరి, అక్కడి నుంచి శ్రీవారి మెట్టు ఎక్కేవారు. మొక్కుకొన్నవారు ఇంటి గడప నుంచే వట్టికాళ్ళతో బయలుదేరేవారు. పల్లెల్లో ఏళ్ళ తరబడి వట్టికాళ్ళతో తిరిగినవారి అరికాళ్ళు తోలులాగా ఉండేవి గనుక వారికి పెద్దగా ఏమీ అయ్యేది కాదు. ఆఫీసుల్లో చెప్పులకు అలవాటుపడి, పండుగనాడు ఒక్కసారిగా చెప్పులు విడిచినవారికే కష్టం.

కష్టమంటే ఎంత కష్టం? 1924 జూన్ 30న అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ కొడుకు, తండ్రి పేరే పెట్టుకొన్న పదహారేళ్ళ పిల్లవాడు, వైట్ హౌస్ ఆవరణలో మేజోళ్ళు లేకుండా బూట్లు తొడిగి టెన్నిస్ ఆడాడు. కాలివేలి మీద బొబ్బ లేచింది. అది చీము పట్టి, విషం రక్తంలో కలిసి, జూలై 7న ప్రాణం పోయింది. దేశంలోని పెద్ద వైద్యులందరూ పక్కనే ఉన్నారు, చేతిలో మందు మాత్రం లేదు. సల్ఫా మందులు 1930ల నడుమ గాని రాలేదు. పెన్సిలిన్ జనానికి అందింది 1940లలో. 1948లో వెలువడిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు పెద్దగా ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో తయారయింది. ఆ ఏడే ఆగస్టులో ఆయన కన్నుమూశారు. మా ఆటల మైదానంలో బొబ్బలు చితికిన పిల్లలు వేల మంది ఉంటారు. అందరూ బ్రతికి బట్టకట్టడం వెనుక ఇంత కథ ఉంది.

ఆటల మాట వచ్చింది గనుక ఒక్క సంగతి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా ఆటగాడు అబెబె బికిలా కొత్త బూట్లు కాళ్ళకు సరిపడక వట్టికాళ్ళతోనే మారథాన్ పరుగెత్తి గెలిచాడు. 1964లో టోక్యోలో బూట్లు తొడిగి మళ్ళీ గెలిచాడు. కొత్త బూట్లతో పందెానికి వచ్చిన ప్రతి పిల్లవాడికీ నేను ఈ కథ చెప్పి, పాతవి తొడిగించేవాణ్ణి.

ఇక అసలు చెప్పదలచినది వేలూరు సంగతి. మన ప్రాంతంలో జబ్బు ముదిరితే "వేలూరికి తీసుకుపోయినారు" అంటారు గదా, ఆ సి.ఎం.సి. ఆసుపత్రికి 1946లో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వచ్చాడు. తమిళనాడులోని కొల్లి కొండలలో పుట్టిన ఇంగ్లీషాయన. కుష్ఠు రోగుల వేళ్ళు, పాదాలు జబ్బువల్లనే కుళ్ళి రాలిపోతాయని అప్పటివరకు లోకమంతా నమ్మేది. ఆయన రోగుల వెంట తిరిగి చూచి అసలు కారణం పట్టుకొన్నాడు. జబ్బు నరాలను చంపుతుంది. నొప్పి తెలియదు. మనకు బొబ్బ లేస్తే కుంటుతాము, ఆ కుంటడమే మన పాదాన్ని కాపాడుతుంది. వారు కుంటరు, బొబ్బ మీదనే నడిచి, దాన్ని పుండు చేసి, పుండును ఎముకదాకా తీసుకుపోతారు. ఒకసారి లండన్‌లో బ్రాండ్ గారికే మడమ మొద్దుబారినట్లయి, తనకూ ఆ జబ్బు సోకిందని రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారి సూదితో పొడుచుకొంటే నొప్పి పుట్టిందట; ఆ నొప్పికి దేవునికి దండం పెట్టుకొన్నాడు.

అటువంటి పాదాల కోసం వేలూరులోను, దాపున 1955లో మొదలైన కరిగిరి కుష్ఠు పరిశోధన కేంద్రంలోను మైక్రోసెల్యులర్ రబ్బరుతో చెప్పులు చేశారు. స్పాంజిలాగా ఒత్తుకొన్నా అణగిపోని రబ్బరు, కింద టైరు అట్ట, మడమ వెనుక పట్టీ. మేకులు కొట్టరు, ఎందుకంటే గుచ్చుకొన్నా ఆ కాలికి తెలియదు. ఈ నాడు మన దేశంలో చక్కెర వ్యాధివారికి వైద్యులు వ్రాసి ఇచ్చే చెప్పులలో ఎక్కువభాగం ఆ రబ్బరువే.

మన సంఘ సభ్యుడొకరు, పేరు వద్దన్నారు, పదిహేనేళ్ళుగా సుగరు ఉన్నవారు. మనవరాలి పెళ్ళికి కొత్త బూట్లు తొడిగి రెండురోజులు తిరిగారు. చిటికెనవేలి పక్కన బొబ్బ లేచినట్లు ఆయనకు తెలియనే లేదు. మేజోడుకు అంటిన తడి చూచి కోడలు పట్టుకొన్నది. అప్పటికి ఆలస్యమయింది, వేలు తీసివేశారు. "నొప్పి పుట్టి ఉంటే ఆ పూటే విప్పేసి ఉందును గదన్నా" అని ఆయన నాతో అన్నారు.

సుగరు ఉన్న మిత్రులు రాత్రి పడుకోబోయే ముందు పాదాలు, వేళ్ళ సందులు చూచుకోవాలి. వంగలేనివారు అద్దం పెట్టి గాని, మనవళ్ళ చేత గాని చూపించుకోవాలి. ఒకచోట ఎర్రగా, తాకితే వెచ్చగా ఉంటే అక్కడ బొబ్బ రాబోతున్నదని అర్థం. బొబ్బను ముల్లుతో పొడవవద్దు, పై తోలు పీకవద్దు. ఆ తోలే దానికి కట్టు. సుగరువారు నేరుగా డాక్టరు వద్దకు పోవాలి. వట్టికాళ్ళతో మొక్కుకొన్నవారు కనీసం మేజోళ్ళయినా తొడగండి, వేంకటేశ్వరస్వామి తప్పుపట్టడని నా నమ్మకం. చెప్పులు కొనేది సాయంత్రం పూట, కాళ్ళు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు. ఎం.సి.ఆర్. చెప్పులు చేయించుకొనేవారు కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీయించుకొని పోవాలి, రెండూ ఒకే కొలత ఉండవు.