ఓడిన రాజు, ఎగిరే గుర్రం

పాత నాణేలు పోగుచేసేవాళ్ళు మోజుపడే ఫ్రెంచి బంగారు నాణెం ఒకటుంది. పేరు ‘ఫ్రాంక్ ఆ షెవాల్’, అంటే గుర్రం మీది ఫ్రాంక్. బరువు నాలుగు గ్రాములకి కాస్త తక్కువ, దాదాపు మేలిమి బంగారం. దాని మీద కవచం తొడుక్కుని, కత్తి ఎత్తి, గుర్రాన్ని దౌడు తీయిస్తున్న రాజు రెండో జాన్. చూస్తే ఏదో యుద్ధం గెలిచొస్తున్నాడనిపిస్తుంది కదా?

అసలు కథ వేరు. 1356లో పొయితియే దగ్గర ఇంగ్లీషువాళ్ళకి బందీగా చిక్కినవాడీయన. 1360 ఒప్పందంలో ఆయన విడుదలకి కట్టిన రేటు 30 లక్షల బంగారు ఎక్యూలు. ఆ ఏడాది డిసెంబరులోనే ఉప్పు, వైన్ సహా సరుకుల మీద పన్నులు వేసి, ఈ నాణెం కొట్టించమన్నాడు. అయినా బాకీ తీరలేదు. పూచీగా ఉంచిన కొడుకు పారిపోతే, 1364లో తనే లండన్ తిరిగెళ్ళి, కొన్ని నెలలకే అక్కడే పోయాడు.

మధ్యలో మరుగున పడ్డా, ఫ్రాంక్ పేరు ఫ్రాన్సులో 2002లో యూరో నోట్లు వచ్చేదాకా బతికింది.

కొనేవాళ్ళు బరువు, అంచులు, అరుగుదల చూస్తారు. చూడాల్సిందే. కానీ నా మటుకు నాకు ఆ బొమ్మ రాజుగారి ప్రెస్ రిలీజ్ లాగే కనిపిస్తుంది. గుర్రమెక్కినవాడు నాణెం మీదున్నాడు సరే, ఉప్పు మీద పన్ను కట్టినవాడెక్కడ?