పట్టా ఒకరిది, కాస్తు ఒకరిది: మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ భూముల కథ

ఈ ఎపిసోడ్ హవాయి నుంచి మొదలుపెడదాం. 2016 చివర్లో జుకర్‌బర్గ్ కంపెనీలు అక్కడ కోర్టుకెళ్లాయి. ఆయన కొన్న ఎస్టేట్ మధ్యలో స్థానికులవి చిన్న చిన్న ముక్కలున్నాయి. 1850 నాటి చట్టం కింద వచ్చిన భూములవి. అసలు ఓనర్లు ఎప్పుడో పోయారు, వారసులు ఎంతమందో లెక్క లేదు. ఆ కేసుల పేరు క్వైట్ టైటిల్. "హక్కు ఉందనేవాళ్లు వచ్చి చెప్పండి, కోర్టు తేల్చేస్తుంది, తర్వాత ఎవరూ నోరెత్తొద్దు" అన్నమాట. జనం గట్టిగా తిట్టారు, 2017 జనవరిలో వెనక్కి తగ్గాడు.

మన దగ్గర ఆ పేరుతో కేసు లేదు. దగ్గరగా ఉండేది డిక్లరేషన్ దావా, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 34వ సెక్షన్. కానీ ఆ తీర్పు కేసులో ఉన్నవాళ్లకూ, వాళ్ల ద్వారా హక్కు చెప్పుకునేవాళ్లకే వర్తిస్తుంది. రేపు ఇంకొకడు కొత్తగా వచ్చి నాది అంటే మళ్లీ మొదలు!

అసలు మన ఏరియాలో ఇంత గొడవ ఎందుకు? నిజాం కాలంలో సూర్యాపేట వైపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అనే ఒక్క దొరకే లక్షా యాభై వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. సాయుధ పోరాటంలో సంఘపోళ్లు దొరల భూములు పంచారు. 1948లో పోలీస్ యాక్షన్ తర్వాత చాలాచోట్ల దొరలు తిరిగొచ్చారు. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, 1954-55లో ఖాస్రా పహాణీ రాశారు. పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు అని రెండూ అందులో ఎక్కించారు. కోర్టులు ఇప్పటికీ ఆ రికార్డుకు బరువిస్తాయి. నా మాటల్లో చెప్పాలంటే, మన భూమి డేటాబేస్‌కు ఫస్ట్ కమిట్ అదే. కాకపోతే అప్పటికే ఊర్లో పేరు ఒకరిది, నాగలి ఇంకొకరిది.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు మెట్ట పొలాలు వరి మళ్లయ్యాయి. కోస్తా రైతులు కృష్ణ దాటి వచ్చి కొన్నారు, మనవాళ్లూ కొన్నారు. చాలామంది తెల్లకాగితం మీదే రాసుకున్నారు. అదే సాదా బైనామా. నూరు రూపాయలు దాటిన భూమి అమ్మకం రిజిస్టర్ కావాలని చట్టం. కానీ ఊర్లో పెద్దమనుషుల వేలిముద్రలుంటే చాలనుకున్నారు. మా తాత కూడా అంతే. 1971లో కోదాడ దగ్గర రెండెకరాలు అలాగే కొన్నాడు. యాభై ఏళ్లు దున్నుకున్నాం, పట్టా మాత్రం అమ్మినాయన పేరు మీదే ఉండిపోయింది. 2020లో ధరణి వచ్చినప్పుడు చూస్తే అనుభవదారు కాలమే లేదు! అమ్మినాయన మనవళ్లు "మాదే కదా, ఆన్‌లైన్‌లో చూస్కో" అన్నారు.

నిజానికి రెవెన్యూ రికార్డులో పేరుంటే టైటిల్ వచ్చేసినట్టు కాదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు కూడా కాగితాన్నే రిజిస్టర్ చేస్తుంది, హక్కుకు గ్యారంటీ ఇవ్వదు. ఆస్ట్రేలియాలో టారెన్స్ పద్ధతి అని ఉంటుంది, అక్కడ రిజిస్టర్‌లో పేరుంటే దానికి ప్రభుత్వమే పూచీ.

మరి కోర్టుకెళ్తే? వరంగల్ కేసు ఒకటి చెప్తా, ఇది నాకు బాగా గుర్తుండిపోయింది. ఒకాయన తన తోబుట్టువుకు పసుపు కుంకుమ కింద స్థలం నోటిమాటగా ఇచ్చాడన్నారు. ఆమె 1968లో దాన్ని రిజిస్టర్ చేసి అమ్మింది. ఆయనేమో 1977లో ఇంకొకరికి అమ్మాడు. మొదట కొన్నవాళ్లు "మా జోలికి రావొద్దు" అని ఇంజంక్షన్ మాత్రమే అడిగారు. 2008లో సుప్రీంకోర్టు ఏమందంటే, టైటిల్ మీదే తగాదా ఉన్నప్పుడు డిక్లరేషన్ కూడా అడగాలి, వట్టి ఇంజంక్షన్ సరిపోదు. దాదాపు ముప్పై ఏళ్లు నడిచాక వచ్చిన జవాబు అది. ఇంకోటి, ఎవరైనా మీ హక్కు కాదన్న రోజు నుంచి మూడేళ్లలోపే డిక్లరేషన్ దావా వేయాలి.

మాకు ఆ దారీ కష్టమే. రిజిస్టర్ కాని కాగితంతో సొంతమని తేల్చమంటే కోర్టు ఒప్పుకోదు, స్వాధీనంలో ఉన్నామని చూపించడానికి మాత్రం పనికొస్తుంది. 2020 అక్టోబర్, నవంబర్‌లలో పెట్టిన సాదా బైనామా అప్లికేషన్లకు 2025 భూభారతి చట్టంలో మళ్లీ దారి తెరిచారు. నాన్న అప్పుడే పెట్టారు కాబట్టి ఇప్పుడు మాది లిస్టులో ఉంది. మొన్న ఒరిజినల్ జిరాక్స్ తీయిద్దామని షాపుకు తీసుకెళ్లా. మడత దగ్గర, సరిగ్గా తాత వేలిముద్ర పక్కనే చిరిగింది. ఇప్పుడు దాన్ని లామినేషన్ చేయించొచ్చా, వద్దా అని లాయర్ గారిని అడిగాం. "అస్సలు ముట్టుకోకండి" అన్నారు.