దిగుమతి మినరల్ వాటర్: కస్టమ్స్ టారిఫ్ వర్గీకరణ నియమాలు

విదేశాల నుంచి సీసాలలో దిగుమతి అయ్యే నీటిని వాడుకలో అందరూ మినరల్ వాటర్ అనే వ్యవహరిస్తున్నారు. అయితే కస్టమ్స్ టారిఫ్ దృష్టిలో అది ఒకే సరుకు కాదు. నీటిలో చక్కెర కలిసిందా, ఫ్లేవర్ కలిసిందా, శుద్ధి ఏ మేరకు జరిగింది అనే అంశాలను బట్టి దాని శీర్షిక మారుతుంది. శీర్షికతో పాటు పన్ను భారం కూడా మారుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జి.ఎస్.టి. రేట్లు సవరించబడిన పిమ్మట రెండు పక్క పక్క శీర్షికల మధ్య అంతరం 5 శాతం నుంచి 40 శాతం వరకు విస్తరించింది. ఈ నేపథ్యంలో పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం వర్గీకరణ నియమాలను దిగువ వివరించడమైనది.

చట్ట నేపథ్యం

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు కేంద్ర జాబితాలోని 83వ అంశం ప్రకారం కస్టమ్స్ సుంకాలు కేంద్ర ప్రభుత్వ పరిధిలోనివి. సుంకం విధింపునకు, వసూలుకు 1962 నాటి కస్టమ్స్ చట్టం ఆధారం. ఏ సరుకు ఏ శీర్షిక కిందికి వస్తుందో 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం మొదటి షెడ్యూలు నిర్దేశిస్తున్నది. ఈ షెడ్యూలు 1988 జనవరి 1 నుంచి అంతర్జాతీయంగా అమలులోకి వచ్చిన హార్మొనైజ్డ్ సిస్టమ్‌ను అనుసరిస్తుంది. సంఖ్యలోని మొదటి ఆరు అంకెలు ఆ విధానాన్ని పాటించే దేశాలన్నింటికీ ఒక్కటే. చివరి రెండు అంకెలు మన దేశం జోడించుకున్నవి. భారతదేశంలో ఎనిమిది అంకెల విధానం 2003లో ప్రవేశపెట్టబడింది.

వర్గీకరణకు శీర్షికల పదజాలం, అధ్యాయపు వివరణలు ప్రమాణమని సాధారణ వ్యాఖ్యాన నియమాలలో మొదటిది స్పష్టం చేస్తున్నది. కావున సీసాపై ముద్రించిన వాణిజ్య నామం ఒక్కటే నిర్ణాయకం కాదు.

శీర్షిక 2201

చక్కెర గాని, ఇతర తీపి పదార్థం గాని, ఫ్లేవర్ గాని కలపని నీరు 22వ అధ్యాయంలోని 2201 శీర్షిక కిందికి వస్తుంది. ఇందులో మినరల్ వాటర్‌కు 2201 10 10, ఏరేటెడ్ వాటర్‌కు 2201 10 20, మంచుకు 2201 90 10, మిగిలిన నీటికి 2201 90 90 సంఖ్యలు కేటాయించబడ్డాయి.

భూగర్భ జలధార నుంచి సహజంగా లభించే ఖనిజ జలమే కాక, సాధారణ తాగునీటికి ఖనిజ లవణాలు చేర్చి తయారు చేసిన కృత్రిమ ఖనిజ జలం కూడా ఇదే శీర్షికలో చేరుతుంది. ఏరేటెడ్ వాటర్ అనగా కార్బన్ డయాక్సైడ్ వాయువును ఒత్తిడితో నింపిన తాగునీరు. మన వాడుకలో ఇదే సోడా.

శీర్షిక 2202

అదే నీటికి చక్కెర, తీపి పదార్థం, ఫ్లేవర్‌లలో ఏ ఒక్కటి చేర్చినా అది 2201 నుంచి తొలగి 2202 శీర్షికకు మారుతుంది. చక్కెర ఏమాత్రం లేకుండా నిమ్మ ఫ్లేవర్ మాత్రమే కలిపిన మినరల్ వాటర్‌కు సైతం ఇదే నియమం వర్తిస్తుంది. "షుగర్ లేదు" అన్న ముద్రణ ఆధారంగా 2201ను కోరడం సరికాదు.

ఏరేటెడ్ వాటర్ అనే మాట రెండు శీర్షికలలోనూ కనిపించడం గమనార్హం. చప్పటి సోడా 2201 10 20 కాగా, తీపి లేదా ఫ్లేవర్ గల సోడా 2202 10 10. పత్రాలలో పేరు మాత్రమే రాసి కూర్పును పేర్కొనకపోవడం వలన పొరపాట్లకు అవకాశం ఏర్పడుతుంది.

అధ్యాయం వెలుపలి నీరు

22వ అధ్యాయం మొదటి వివరణ కొన్ని సరుకులను మినహాయించింది. సముద్రపు నీరు 2501 శీర్షికకు చెందుతుంది. స్వేదన జలం, తత్సమానమైన స్వచ్ఛత గల నీరు 2853 శీర్షికకు చెందుతాయి. 2007కు పూర్వం ఈ సరుకు 2851 కింద ఉండేది. పాత తీర్పులను, గణాంకాలను పరిశీలించేటప్పుడు ఈ మార్పును దృష్టిలో ఉంచుకోవాలి.

ఆరోగ్యానికి మేలు చేస్తుందన్న ప్రచారం వలన మినరల్ వాటర్ ఔషధం కాజాలదు. ఔషధాలకు సంబంధించిన 30వ అధ్యాయం మొదటి వివరణ మినరల్ వాటర్‌ను పేరు పెట్టి మినహాయించింది.

పన్నుపై ప్రభావం

దిగుమతిపై మూల కస్టమ్స్ సుంకం, ఆ సుంకంపై 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, ఈ రెండూ కలిపిన విలువపై ఐ.జి.ఎస్.టి. విధించబడతాయి. ప్రస్తుత రేట్ల ప్రకారం 2201 శీర్షికలోని సీసా నీటికి ఐ.జి.ఎస్.టి. 5 శాతం. 2202 10 ఉప శీర్షికలోని తీపి లేదా ఫ్లేవర్ గల నీటికి 40 శాతం. సవరణకు ముందు ఇవి వరుసగా 18 శాతం, 28 శాతం. రెండవ దానిపై అదనంగా 12 శాతం పరిహార సెస్సు ఉండేది.

ఉదాహరణకు లక్ష రూపాయల విలువ గల సరుకుపై మూల సుంకం 30 శాతం అనుకుంటే, సర్‌ఛార్జితో కలిపి 33,000 రూపాయలు అవుతుంది. అప్పుడు 1,33,000 రూపాయలపై 5 శాతం చొప్పున 6,650 రూపాయలు, 40 శాతం చొప్పున 53,200 రూపాయలు ఐ.జి.ఎస్.టి. అవుతుంది. మొత్తం భారం మొదటి సందర్భంలో 39,650 రూపాయలు, రెండవ సందర్భంలో 86,200 రూపాయలు. రిజిస్టరైన వ్యాపారి ఐ.జి.ఎస్.టి.ని క్రెడిట్‌గా పొందగలిగినప్పటికీ, దేశీయ విక్రయంలోనూ అదే రేటు వర్తిస్తుంది కనుక భారం అంతిమంగా వినియోగదారునిపైనే పడుతుంది.

ఆహార చట్టంతో గల భేదం

తెలుగు పట్టణాలలో ఇరవై లీటర్ల క్యాన్లను మినరల్ వాటర్ అని పిలవడం పరిపాటి. కాని ప్రమాణాల ప్రకారం శుద్ధి చేసి నింపిన తాగునీటికి ఐ.ఎస్. 14543, సహజ ఖనిజ జలానికి ఐ.ఎస్. 13428 వేర్వేరుగా ఉన్నాయి. 2001 నుంచి తప్పనిసరిగా ఉన్న బి.ఐ.ఎస్. ధ్రువీకరణ నిబంధనను ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2024 అక్టోబరులో తొలగించి, అదే సంవత్సరం నవంబరులో ఈ నీటిని అధిక ప్రమాద ఆహార శ్రేణిలో చేర్చింది. దిగుమతి సరుకుకు ఆహార భద్రతా చట్టం 25వ సెక్షన్ వర్తిస్తుంది. ఆహార చట్టం కింద లభించిన అనుమతి టారిఫ్ వర్గీకరణకు ప్రత్యామ్నాయం కాదు.

వివాదాల పరిష్కారం

2011 నుంచి స్వయం మదింపు విధానం అమలులో ఉన్నందున బిల్ ఆఫ్ ఎంట్రీలో సరైన సంఖ్య పేర్కొనవలసిన బాధ్యత దిగుమతిదారుదే. విశాఖపట్నం, కృష్ణపట్నం ఓడరేవులైనా, హైదరాబాద్ విమానాశ్రయమైనా వర్తించే నియమాలు ఒక్కటే. సందేహం గలవారు ఢిల్లీ, ముంబయిలలోని కస్టమ్స్ ముందస్తు తీర్పుల అథారిటీని సరుకు రాకముందే ఆశ్రయించవచ్చు.

తక్కువ చెల్లించిన సుంకం కోసం సాధారణంగా రెండు సంవత్సరాలలోపు, ఉద్దేశపూర్వకమైన తప్పుడు ప్రకటన ఉన్నచో ఐదు సంవత్సరాలలోపు అధికారులు నోటీసు జారీ చేయవచ్చు. ఉత్తర్వుపై అరవై రోజులలో కమిషనర్ (అప్పీళ్లు) వద్ద, అనంతరం అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో అప్పీలు చేసుకోవచ్చు. ట్రిబ్యునల్ ప్రాంతీయ ధర్మాసనం హైదరాబాద్‌లో ఉన్నది.

గమనించదగిన అంశాలు

మినరల్ వాటర్ దిగుమతుల గణాంకాలను ప్రచురించేటప్పుడు ఏ సంఖ్య కింది వివరాలో పేర్కొనడం అవసరం. 2201 10 10 కింద చూపిన పరిమాణంలో ఫ్లేవర్ కలిపిన నీరు చేరదు. అధికారులు సీసా ముందు భాగంలోని పేరు కంటే వెనుక భాగంలోని పదార్థాల జాబితాను, ప్రయోగశాల నివేదికను ప్రధానంగా పరిశీలించవలసి ఉంటుంది. సుంకం రేటు సాధారణంగా బిల్ ఆఫ్ ఎంట్రీ సమర్పించిన తేదీని బట్టి వర్తిస్తుంది కనుక ప్రతి సందర్భంలోనూ ఆ తేదీ నాటి నోటిఫికేషన్‌ను సరిచూసుకోవాలి.