రంగూన్ రేవు కూలీలు: 1930 మే సమ్మె

నేటి యాంగోన్ నగరాన్ని కోస్తాంధ్ర పల్లెలలోని పాతతరం వారు ‘రంగం’ అనేవారు. ‘రంగం పోయాడు’ అంటే సముద్రం దాటి కూలికి వెళ్ళాడని అర్థం. గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుండి పొగఓడలలో వెళ్ళిన ఈ శ్రామికులను బర్మాలో ‘కోరంగీలు’ అని వ్యవహరించేవారు. కాకినాడ సమీపంలోని పాత ఓడరేవు కోరంగి పేరే దీనికి మూలం. పూర్వుల జాడ వెదికే పాఠకులకు ఆనాటి ప్రభుత్వ పత్రాలలో ఈ మాట తరచుగా ఎదురవుతుంది.

1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనాభా సుమారు 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. ఓడలలో సరకు ఎత్తడం, దించడం, బియ్యపు మిల్లులలో బస్తాలు మోయడం, రిక్షా లాగడం, వీధులు ఊడ్వడం వంటి కాయకష్టంలో అధికభాగం తెలుగువారిది.

మారిషస్‌కు, నాటాల్‌కు ఒప్పందంపై వెళ్ళిన కూలీల పేరు, తండ్రి పేరు, ఊరు దస్తావేజులలో నమోదయ్యాయి. బర్మా ప్రయాణం అటువంటిది కాదు. 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే కనుక, అక్కడికి వెళ్ళేవారికి ఆ విధమైన ఒప్పంద పత్రం లేదు. మేస్త్రీ ఊరికి వచ్చి బయానా ఇచ్చేవాడు, ఓడ ఖర్చు భరించేవాడు. ఆ బాకీ తీరేవరకు కూలీ అతని జట్టులో పనిచేయవలసిందే. ఓడల కంపెనీలు చెల్లించే కూలి గుత్తేదారు, మేస్త్రీల చేతులు దాటి, తరిగి, కూలీకి చేరేది. నేడు మనకు ఈ మనుషుల పేర్లు దొరకకపోవడానికి ప్రధాన కారణం ఈ పద్ధతియే.

1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మెకు దిగారు. యజమానులు వారి స్థానంలో బర్మీయులను పనిలోకి తీసుకున్నారు. వీరు కూడా పేదలే. ధాన్యం ధరలు పడిపోయి పల్లెలలో బతుకు భారమైన కాలమది. కొద్దివారాలలో యజమానులు కొంత పెంపుకు అంగీకరించగా సమ్మె ముగిసింది. మే 26 ఉదయం బర్మా కూలీలు యథాప్రకారం పనికి వచ్చి, తమ చోట పాతవారు నిలిచి ఉండడం చూశారు. వారికి ముందుగా చెప్పినవారు లేరు. రేవులో మొదలైన ఘర్షణ నగరమంతటా పాకి రోజుల తరబడి సాగింది. అధికారిక లెక్క ప్రకారం మృతులు సుమారు 120, క్షతగాత్రులు సుమారు 900. అసలు సంఖ్య అంతకు మించినదని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. చనిపోయినవారిలో అత్యధికులు తెలుగు కూలీలు. వేలాదిమంది ప్రాణభయంతో ఆశ్రయాలలో తలదాచుకున్నారు.

దీనిని కేవలం జాతుల కలహంగా చెప్పే రచనలు ఉన్నాయి. అది సగం నిజమే. తెగిన కూలి, పెరిగిన బాకీ, ఒకరి ఆకలిని మరొకరి సమ్మెపై ప్రయోగించిన యాజమాన్యపు తీరు లేకుండా ఈ కథ పూర్తికాదు. జట్టు కట్టుబాటు సమ్మెను నిలబెట్టింది. అయితే ఒకే ప్రాంతం, ఒకే భాషవారితో ఏర్పడిన ఆ జట్టులో బర్మా కూలీకి చోటు లేదు. ఇరువురినీ కలిపే బలమైన సంఘం అప్పటికి రేవులో లేదు.

అల్లర్ల అనంతరం రేవు పనిని ఇరువర్గాలకు పంచే ఏర్పాటు జరిగింది. అదే కాలంలో ఎ. నారాయణరావు బర్మాలోని కంట్రాక్టు కూలీల స్థితిపై ఆంగ్లంలో గ్రంథాలు ప్రకటించారు. విట్లీ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ లేబర్ కమిషన్ కూడా బర్మాలో సాక్ష్యాలు సేకరించింది. 1931లో దాని నివేదిక వెలువడింది. బర్మా సాక్ష్యాలు ప్రత్యేక సంపుటంగా ఉన్నాయి. ఈ విషయం చదవదలచినవారు అక్కడ ప్రారంభించవచ్చు.

1941 డిసెంబరులో జపాను బాంబులు రంగూన్‌పై పడ్డాక లక్షలాది భారతీయులు బర్మా విడిచారు. ఎందరో కొండదారుల వెంట నడిచి వచ్చారు. ఎందరో దారిలోనే రాలిపోయారు. 1960లలో జాతీయీకరణ తరువాత మరొక వలస తిరిగివచ్చింది. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరు ఆ రాకకు గుర్తు.